ఇంటి మోటారుబండి - దాని యోగక్షేమములు

ఏ వస్తువునకైనను రెండు వెలలుండును. అంగడిలో చెల్లించునది యొకటి. ఇంటికి తెచ్చిన పిమ్మట దానిని నిలుపుకొనుటకై ఏండ్ల తరబడి చెల్లించునది రెండవది. మొదటి వెలను ఇంటిల్లిపాదియు కూర్చుండి లెక్కింతురు. రెండవది మాత్రము నెలనెల ఇల్లాలి పద్దులలో ఒదుగవలసినదే. అందుచేతనే కాబోలు, మన పెద్దలు ఒక వస్తువును కొనునపుడు దాని మెరుపుకంటె ముందుగా, ఇది చెడినచో బాగుచేయుట ఎవరి చేతిలో నున్నదని విచారించెడివారు.

రోలు నున్నబడినచో వీధివెంట వచ్చు రాతిపనివానిని పిలిచి గంట్లు పెట్టించెడివారు. ఇత్తడి గిన్నెలకు ఏటేట కళాయి పూయించెడివారు. ఎడ్లబండి ఇరుసునకు వలయు కందెన ఆ బండిక్రిందనే వ్రేలాడుచుండెడిది. తోలువాడే దిగి రాచుకొనెడివాడు. జనగామకు చేరువనున్న పెంబర్తిలో నేటికిని ఇత్తడిరేకును సుత్తితో తీర్చి వస్తువులు చేయు పనివారు కలరు. వారు చేసిన పనిలో అతుకెక్కడ నున్నదో, మేకెక్కడ నున్నదో కన్నులకు కనబడును. కనబడునది కనుకనే మరల తీర్చుటకు వీలగుచున్నది.

పాతదంతయు మంచిది, క్రొత్తదంతయు చెడ్డది అని నా అభిప్రాయము కాదు. మన వంటయింటి కుక్కరును చూడుడు. అది యంత్రమే. అయినను దాని రబ్బరు చుట్టు సడలినచో, అంగడికి పోయి, కంపెనీ పేరును కొలతను చెప్పి, క్రొత్తది తెచ్చుకొని మన చేతులతోనే తొడుగుచున్నాము. సేఫ్టీ వాల్వు పోయినను అంతే. దానిని రూపొందించినవారు, ఈ భాగములు అరుగునవి, వీనిని మార్చవలసినది ఇల్లాలు, అని ముందే తలచి చేసిరి. యంత్రమెంత క్రొత్తదైనను ఈ తలంపు చేసినవాని మనస్సున నున్నచో వాడుకొనువారికి చిక్కు లేదు. మోటారుబండ్ల విషయమున ఈ తలంపు నానాటికి తగ్గిపోవుచున్నదని చెప్పుటయే ఈ వ్యాసమునకు కారణము.

మేము భూపాలపల్లిలో కాపురముండువారము. నా పుట్టినిల్లు జనగామ. మా యాడుబిడ్డను మహబూబాబాదు నిచ్చితిమి. 2016 అక్టోబరు 11వ తేదీన క్రొత్త జిల్లాలు ఏర్పడు వరకు ఈ మూడు పట్టణములును ఒక్క వరంగల్లు జిల్లాలోనివే. ఇప్పుడు మూడును మూడు జిల్లాలకు ముఖ్యస్థానములైనను, బంధుత్వములు, బేరములు, ఆసుపత్రులు విడిపోలేదు గదా! నెలకు రెండు మూడు మారులైనను ఈ దారులలో మా బండి తిరుగవలసినదే. ఇరుగుపొరుగు ఇండ్లలో నేడు స్త్రీలును బండి నడుపుచున్నారు. పిల్లలను బడికి దింపుట, అత్తమామలను వైద్యునికి చూపుట, సంతకు పోవుట - ఇవి యన్నియు వారి మీదనే ఉన్నవి. కావున బండి యోగక్షేమములు మగవారి ముచ్చట యని మనము ప్రక్కకు నెట్టుటకు వీలులేదు.

మా తండ్రిగారి కాలమున తెలిసిన కార్లు రెండే రెండు. ఒకటి అంబాసిడరు; రెండవది 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800. రెండింటి తయారీయు 2014లో నిలిచిపోయినది. అంబాసిడరు మూత లేపినచో ఇంజనునకు ఇరుప్రక్కల చేయి దూరునంత చోటుండెడిది. సందులలోనుండి క్రింది నేల కూడ కనబడెడిది. బ్యాటరీ, ఫ్యాను బెల్టు, నూనెపుల్ల, స్పార్కు ప్లగ్గులు - ఏది యెచ్చట నున్నదో పది నిమిషములలో పసివాడును నేర్చుకొనగలిగెడివాడు. ఆ బండ్లు దోషరహితములని నేను చెప్పను. ఎండకాలమున నీరు మరిగి ఆగిపోయెడివి, పొగ విపరీతము, ప్రమాదము జరిగినచో ప్రాణమును కాపాడు గాలిసంచులు లేవు. అయితే చెడినపుడు ఏ ఊరి మెకానిక్కైనను వానిని లేపి నడిపించెడివాడు.

ఇప్పటి బండ్లతో ఎదురగు ఇబ్బందికి మా ఇంటి అనుభవమొకటి చెప్పెదను. గడచిన మాఘమాసమున జనగామలో నొక వివాహమునకు పోయి తిరిగి వచ్చుచుంటిమి. బండిని నేనే నడుపుచుంటిని. పరకాల చేరునప్పటికి చీకటి పడెను. ఎదుట వచ్చు లారీవాడు దీపములార్పి వెలిగించి హెచ్చరించగా దిగి చూచితిమి; కుడివైపు ముందుదీపము వెలుగుట లేదు. అచ్చటినుండి భూపాలపల్లికి సుమారు 30 కిలోమీటర్లు. బొగ్గులారీలు, ఇసుకలారీలు రేయింబవళ్లు తిరుగు దారి అది. ఒంటి దీపముతో పోవు కారును చూచి ఎదుటివారు మోటారుసైకిలని భ్రమించి దాని ప్రక్కకు రాగలరు. పిల్లలు వెనుక నిద్రించుచుండిరి.

బాటప్రక్క నొక మెకానిక్కు కొట్టు ఇంకను తెరచియుండుట చూచి సంతోషించితిమి. అతడు దీపపు బల్బును చేతబట్టుకొనియే వచ్చి, మూత లేపి, లోనికి చేయి పెట్టబోయి, తల యూచి ఇట్లనెను: "అమ్మా, బల్బు నా దగ్గర్నే ఉన్నది. గని దీన్ని ఎయ్యాల్నంటె ముంగటి బంపర్ మొత్తం ఊడదియ్యాలె. చీకట్ల క్లిప్పులు ఇరిగితె మల్ల దొరకయి. పొద్దుగాల రాండ్రి."

ఎడమవైపు దీపము వెనుకకు చేయి దూరును. కుడివైపున ఒక నీటితొట్టియు, మరొక నల్లని పెట్టెయు అడ్డముగా అమర్చబడియున్నవి. ఆ రాత్రి మావారి పిన్నమ్మగారింట తలదాచుకొంటిమి. ఉదయము రెండు గంటల పని జరిగెను. బల్బునకు 180 రూపాయలు, కూలికి 900 రూపాయలు. మావారు మొదటి షిఫ్టు అందుకొనలేక ఒక మస్టరు పోగొట్టుకొనిరి. పనివాడు అధికముగా తీసికొన్నాడని నేననను; బంపరు విప్పి, దీపములు సరిచూచి, మరల బిగించుట రెండు గంటల పనియే. కాని ఒక బల్బు మాడిపోవుట పిడుగుపాటు కాదు. ఎప్పుడో ఒకప్పుడు తప్పక మాడునదియే అది. తప్పక మాడునదానిని చేతికందనిచోట పెట్టినవాడు, దానిని మార్చువారిని ఒక్కసారియైనను తలచినాడా యని నాకు తోచుచుండును.

ఇది దీపముతో నిలిచినదికాదు. నేటి బండ్ల మూత లేపినచో చాలవరకు నల్లని ప్లాస్టికు కప్పొకటి కనబడును. ఇంజను దానిక్రింద దాగియుండును. కొన్ని ఖరీదైన బండ్లలో ఇంజనునూనె కొలుచు పుల్లయే లేదు. నూనె ఎంత యున్నదో తెర మీద చూచుకొనవలయును. కొన్నింటిలో బ్యాటరీ ఆసనముక్రింద నుండును. పెట్రోలు వడపోత ఇంధనపు తొట్టిలోనే ఉండి, దానిని మార్చుటకు తొట్టి పంపునే పైకి తీయవలసివచ్చు బండ్లును కలవు. 2020లో సవరించిన నిబంధనల ప్రకారము, టైరు గాలి తగ్గినపుడు హెచ్చరించు ఏర్పాటును, రంధ్రము పూడ్చు సామగ్రియు ఇచ్చినచో అదనపు చక్రము లేకయే కారును అమ్మవచ్చును. మేకు గ్రుచ్చుకొన్నచో ఆ సామగ్రి పనికివచ్చును. కాటారము దాటిన అడవిదారిలో రాయి కోసి టైరు ప్రక్కగోడ చీలినచో అది పనికిరాదు.

డీజిలు బండ్ల సంగతి స్త్రీలు ప్రత్యేకముగా తెలిసికొనవలయును. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి దేశమంతట భారత్ స్టేజి 6 అను పొగనియమములు అమలులోనికి వచ్చినవి. దానివలన డీజిలు కార్ల పొగగొట్టమున మసిని పట్టు వడపోత యొకటి చేరినది. ఈ వడపోత నిండినపుడు బండి తానే దానిని వేడిచేసి ఆ మసిని కాల్చివేయును. అయితే ఆ పని పూర్తియగుటకు బండి కొంతసేపు ఆగకుండ, మంచి వేగముతో పరుగెత్తవలయును. బడికి ఒక కిలోమీటరు, కూరగాయల అంగడికి ఒక కిలోమీటరు - ఇట్లు ఆగుచు సాగుచు తిరుగు బండిలో మసి కాలుట సగములోనే నిలిచిపోవుచుండును. తుదకు ఎదుట హెచ్చరిక దీపము వెలుగును. దానిని లక్ష్యపెట్టకున్నచో బండి బలము తగ్గిపోవును. కంప్యూటరును తగిలించి బలవంతముగా మసిని కాల్పింపవలసివచ్చును. ఆ పరికరము లేని ఊరి మెకానిక్కు ఏమి చేయగలడు?

భూపాలపల్లివంటి ఊరిలో దుమ్ము గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. సింగరేణి గనులు, చెల్పూరున 1,100 మెగావాట్ల కాకతీయ తాపవిద్యుత్కేంద్రము, బొగ్గు మోయు లారీలు ఉన్నచోట గాలివడపోతలు పుస్తకములో వ్రాసిన గడువుకంటె ముందే నిండును. చలువ యంత్రపు గాలిని వడపోయు కాగితపు పలక అనేక బండ్లలో ఎడమ ఆసనమునకు ఎదుటనున్న పెట్టె వెనుక నుండును. మా బండిలో ఆ పెట్టె రెండు ప్రక్కల నొక్కినచో క్రిందికి వ్రేలాడును; పలకను తీసి, దులిపి, మరల పెట్టుట అయిదు నిమిషముల పని. మరచుట్టు కూడ అక్కరలేదు. దీపమును చేతికందకుండ దాచినవారే వడపోతను ఇంత చక్కగ అమర్చిరి. కావున సులభముగా చేయుట అసాధ్యమని ఎవరైనను చెప్పినచో నేను నమ్మను.

రెండవ పక్షమును కూడ న్యాయముగా చూడవలయును. పొగ తగ్గవలెనన్న ఇంజనుచుట్టు గొట్టములు, తెలివిగల చిన్న పరికరములు పెరుగక తప్పదు. మన బిడ్డలు పీల్చు గాలి శుభ్రపడుటకు అది మనము చెల్లించు వెల. నూనె మార్పు కూడ పూర్వము 5,000 కిలోమీటర్లకొకసారి కావలసియుండగా నేటి పెక్కుబండ్లలో 10,000 వరకు ఆగవచ్చును. మన దేశమునకు ప్రత్యేకమైన కారణమొకటి కలదు. 2006 నుండి నాలుగు మీటర్లకు మించని పొడవును, చిన్న ఇంజనును గల కార్లకు ప్రభుత్వము పన్ను తక్కువగా వేయుచున్నది. 2025 సెప్టెంబరు 22 తరువాతను ఆ భేదము నిలిచియున్నది. చిన్నవానికి 18 శాతము, పెద్దవానికి 40 శాతము. అందుచేత నాలుగు మీటర్లలోనే ఐదుగురు కూర్చుండవలె, సామాను పట్టవలె, అన్ని సౌకర్యములు కుదురవలె. ఇరుకు వచ్చినపుడు కోతపడునది ఇంజను గదియే. మన పన్ను మిగులు, మన చేయి దూరని సందు - రెండును ఒక్క చెట్టు కాయలే.

మరియొక కారణము కర్మాగారములోనున్నది. పెక్కు బండ్లకు దీపములు, రేడియేటరు మొదలగు ముందుభాగమంతయు ఒక్క ముద్దగా కూర్చి బండికి తగిలింతురు. కూర్చువానికి అది కొన్ని నిమిషముల పని. విప్పువానికి ఎంత పట్టునో ఆ లెక్కలోనికి రాదు. కూర్చుట ఒక్కసారి, విప్పుట పదిహేనేండ్లు. మొదటి ఖర్చు కంపెనీది, రెండవది మనది.

చోటు లేకపోవుట యొక ఎత్తు. తాళము వేయుట మరియొక ఎత్తు. బండిలోని కంప్యూటరు ఏమి చెప్పుచున్నదో చదువు పరికరములను, అసలైన విడిభాగములను బయటి మెకానిక్కులకు దొరకనీయకుండ కంపెనీలు అడ్డుకొనుచున్నవని 2011లో కాంపిటీషన్ కమిషన్ అను కేంద్రసంస్థకు ఫిర్యాదు వచ్చెను. ఆ సంస్థ విచారించి 2014 ఆగస్టు 25వ తేదీన తీర్పు చెప్పినది. పదునాలుగు కార్ల కంపెనీలకు మొత్తము 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించినది. విడిభాగములను, పరీక్షాపరికరములను స్వతంత్రులైన మెకానిక్కులకు అందనీయవలెననియు, బయట బాగుచేయించినంత మాత్రమున వారంటీ మొత్తము రద్దని చెప్పరాదనియు ఆజ్ఞాపించినది. కంపెనీలు అప్పీళ్లకు పోయినవి. జరిమానా సంగతి న్యాయస్థానముల చుట్టు తిరిగినది. ఐనను ఆ తీర్పు చాటిన సూత్రము మనము జ్ఞాపకముంచుకొనదగినది. అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున 2012 నవంబరులో ఇదే ప్రశ్నను ప్రజల వోటునకు పెట్టగా అత్యధికసంఖ్యాకులు మరమ్మతు హక్కు కావలెననిరి. 2014లో కార్ల కంపెనీలు ఆ దేశమంతట దానిని పాటింప నొప్పుకొన్నవి. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖయు 2022 జూలైలో మరమ్మతు హక్కుపై ఒక సంఘమును నియమించినది. వ్యవసాయ యంత్రములు, సెల్‌ఫోనులు, గృహోపకరణములు, మోటారుబండ్లు - ఈ నాలుగింటి గూర్చి సమాచారమొకచోట దొరకునట్లు అదే సంవత్సరము డిసెంబరు 24న అంతర్జాలమున నొక వేదికను తెరచినది.

పట్టణవాసులకు ఇది కొంత డబ్బు ఖర్చుతో పోవును. మనవంటి జిల్లాలలో దీని బరువు వేరు. మా బండి చేసినవారి పనిశాల హనుమకొండలో నున్నది. మాకు పోవుటకు అరువది కిలోమీటర్లకు పైన, రాకకు అంతే. ఒక చిన్న దీపము వెలిగినదని ఒక దినము పోగొట్టుకొనవలయును. దీనికితోడు, మన ఊరి మెకానిక్కుల చేతిలోని విద్య మెల్లగా ఎండిపోవుచున్నది. అర్ధరాత్రి కాన్పునొప్పులతో ఉన్నదానిని తీసికొనిపోవు బండి ఆగినపుడు, పిలిచిన లేచి వచ్చువాడు ఆ ఊరి మెకానిక్కే. అతనికి పరికరమును, విడిభాగమును, చేయి దూరు సందును లేకుండ చేసినచో, అతని జీవనముతో పాటు మన ధైర్యము కూడ పోవును.

సోదరీమణులు బండి కొనుటకు పోయినపుడు రంగును, ఆసనపు మెత్తదనమును చూచిన పిమ్మట మూత తెరువుమని అడుగవలయును. రెండు ముందుదీపముల బల్బులను ఎట్లు మార్తురో అచ్చటనే చూపుమనవలయును. అమ్మువాడు తడబడినచో అదియే మీకు జవాబు. నూనెపుల్ల, బ్యాటరీ, ఫ్యూజుల పెట్టె, గాలివడపోతలు ఎచ్చట నున్నవో కన్నులార చూడవలయును. అదనపు చక్రమున్నదా, జాకీ యున్నదా యని అడుగవలయును. నూనె, వడపోతలు, బ్రేకు ప్యాడ్లు, దీపము - వీని ధరల పట్టికను వ్రాయించుకొని అయిదేండ్ల ఖర్చు లెక్కకట్టవలయును. ఊరిలోనే తిరుగువారికి డీజిలుకంటె పెట్రోలు బండియే మేలు.

కొన్న పిమ్మట నెలకొక్కసారి అరగంట కేటాయింపుడు. బండిని సమమైన నేలపై నిలిపి, ఇంజను ఆపి పది నిమిషములైన తరువాత నూనెపుల్లను తుడిచి ముంచి చూచినచో, నూనె రెండు గీతలనడుమ నుండవలయును. ఇంజను వేడిగా నున్నపుడు రేడియేటరు మూతను ఎన్నడును తీయరాదు. కుక్కరు ఆవిరి పోకముందు మూత తీసినట్లే అగును. టైర్ల గాలి, అద్దము కడుగు నీరు, లోపలి గాలిపలక, అన్ని దీపములు - ఇంత చూచిన చాలును. చీకటి పడకముందే దీపములు చూచుకొనుట మేము ఆ పరకాల రాత్రినుండి నేర్చుకొన్న అలవాటు. విడిభాగము నిరాకరించినను, బయట బాగుచేయించినారని వారంటీ లేదన్నను, ఆ మాటను కాగితముపై వ్రాసి యిమ్మని అడుగుడు. వినియోగదారుల సహాయకేంద్రపు సంఖ్య 1915.

మా బండితో వచ్చిన పుస్తకము ఆంగ్లములో నున్నది. మా యమ్మాయి సాయముతో అందలి ముఖ్యమైన నాలుగు పుటలను తెలుగున వ్రాసికొని, మసాలా డబ్బాల సొరుగులోనే ఉంచితిని. మందు సీసా మీద మోతాదును మన లిపిలో కోరుట తప్పు కానపుడు, లక్షలు పోసి కొను బండికి తెలుగు పుస్తకము కోరుట తప్పగునా? కోరువారు పదిమంది యైనచో అమ్మువాడు పైవారికి వ్రాయును. నూరుమంది యైనచో పైవాడు అచ్చువేయించును. మూత తెరచి చూపుమని అడుగుటయు నట్టిదే. కొనువారు చూడని చోటును చక్కగా చేయుటకు ఏ వర్తకుడును శ్రమపడడు. ఇల్లాండ్రు చూచుచున్నారని తెలిసినచో, తరువాతి బండిలోనైనను ఆ దీపము వెనుక ఒక చేయి దూరునంత చోటు విడువక మానడు.